పరాయి ఊళ్లో చిన్న విమానం అద్దెకు: ఒక్క చెకౌట్ ఎంతవరకు పనికొస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది తిరుపతి. భారతీయ ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉంది, అరవై అయిదు గంటలు ఎగిరారు. నవంబరులో డాలస్‌లోని అక్కగారింటికి వెళ్తున్నారు, అక్కడినుంచి రెండు మూడు ఊళ్లు తిరుగుతూ వెళ్లిన ప్రతిచోటా సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానం అద్దెకు తీసుకోవాలని ఉంది. ఊరూరా మళ్లీ చెకౌట్ (విమానం అద్దెకిచ్చే ముందు ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని పెట్టే పరీక్ష) ఇవ్వాలా, ఒకచోట ఇస్తే అంతటా చెల్లుతుందా, తిరిగొచ్చాక రేణిగుంటలో ఇలాంటిది కుదురుతుందా అని అడిగారు.

చివరి ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను: కుదరదు. ఎందుకో తర్వాత రాస్తాను. మిగతా రెండింటికీ నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. దాదాపు ప్రతిచోటా చెకౌట్ ఇవ్వాల్సే వస్తుంది, ఆ గంటకయ్యే డబ్బు దండగ కాదు. ఒక్క చెకౌట్ అన్నిచోట్లా చెల్లిన రోజుల్లో అద్దెకు తీసుకుని ఎగిరినవాడిని కాబట్టి ఈ మాట అంటున్నాను.

ముందు చెకౌట్ ఎవరి నిబంధనో తెలియాలి. చాలామంది ఇది ప్రభుత్వ నియమం అనుకుంటారు. కాదు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ మీ నుంచి కోరేవి వేరే ఉన్నాయి: లైసెన్సు, వైద్య ధ్రువపత్రం, ఇరవై నాలుగు నెలలకొకసారి ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు. చెకౌట్ అడిగేది విమానం యజమాని, ఆయన వెనక ఉన్న బీమా కంపెనీ. తిరుపతిలో ట్రావెల్స్ నడిపే మా మేనమామగారు కొత్త డ్రైవరు వస్తే లైసెన్సు ఒకసారి చూసి పక్కన పెడతారు. తర్వాత తానే పక్క సీట్లో కూర్చుని అలిపిరి నుంచి రెండో ఘాట్ రోడ్డులో కొండకు ఎక్కిస్తారు, మొదటి ఘాట్ రోడ్డులో కిందికి దింపిస్తారు. అలా చూడమని ఆయనకు రవాణా శాఖ చెప్పలేదు. బండి ఆయనది, అప్పు ఆయనది. చెకౌట్ కూడా ఇంతే.

చెకౌట్‌లో ఏముంటుందంటే, మొదట బల్ల దగ్గర ప్రశ్నలు: ఆ విమానం వేగాలు, ఇంధన వ్యవస్థ, చుట్టుపక్కల గగనతలం. తర్వాత గంటో గంటన్నరో ఎగరడం. నిటారు మలుపులు, నెమ్మది వేగంలో నడపడం, స్టాల్ (వేగం చాలక రెక్కలు గాలి పట్టు కోల్పోవడం), ఇంజన్ ఆగిపోయినట్టు నటన, ల్యాండింగ్‌లు. విమానం అద్దె, ఇన్‌స్ట్రక్టర్ రుసుము రెండూ మీ జేబులోంచే. వెళ్లిన ప్రతి ఊళ్లో ఇదే తంతు అంటే రెండు రోజుల పర్యటనలో ఒక పూట పోయినట్టే. అందుకే చాలామంది పైలట్లు సొంత ఊరి విమానాశ్రయం దాటి అద్దెకు తీసుకునేవారు కాదు.

ఈ ఇబ్బందికి విరుగుడుగా 2013లో ఓపెన్ ఎయిర్‌ప్లేన్ అనే సంస్థ మొదలైంది. ఏడాదికొకసారి, అందరూ ఒప్పుకున్న ఒకే ప్రమాణంతో ఒక చెకౌట్ ఇస్తే, ఆ ఒప్పందంలో చేరిన అద్దె సంస్థలన్నింటిలో ఆ రకం విమానం తీసుకోవచ్చు. హోటల్ గది కుదుర్చుకున్నట్టు ఇంట్లో కూర్చునే విమానం కుదుర్చుకోవచ్చు. నాకది పండగలా అనిపించింది. నేను చిత్తూరులో పుట్టి, తిరుపతిలో చదివి, పదకొండేళ్లు హూస్టన్‌లో ఉద్యోగం చేసినవాడిని. 2012లో అక్కడే లైసెన్సు తీసుకున్నాను. 2014లో ఈ ఉమ్మడి చెకౌట్ ఇచ్చాను. పరీక్ష నిజాయతీగానే జరిగింది, ల్యాండింగ్ బాగా లేదని రెండుసార్లు మళ్లీ చేయించారు. ఆ సంస్థ 2019 చివర్లో మూతపడింది. కాబట్టి ఇప్పుడు మీకు ఆ దారి లేదు.

అది పోయినందుకు నాకు బాధే. అయితే ఆ చెకౌట్ పట్టుకుని డెన్వర్ వెళ్లిన రోజు సంగతి కూడా చెప్పాలి.

2015 జూలై. మా నాన్నగారు, మా బావగారు చిత్తూరు నుంచి వచ్చారు. రాకీ పర్వతాలు పైనుంచి చూపిస్తానని గొప్పగా చెప్పి తీసుకెళ్లాను. ఎగరాల్సిన విమానాశ్రయం సముద్రమట్టానికి 5,885 అడుగుల ఎత్తులో ఉంది. మన తిరుమల కొండ దాదాపు 2,800 అడుగులు, అంటే రన్‌వేనే తిరుమలకు రెట్టింపు ఎత్తు. నేను నేర్చుకున్నదేమో హూస్టన్‌లో, చేయి చాపితే సముద్రం అందేంత పల్లంలో. అద్దె కార్యాలయంలో నా చెకౌట్ చూసి తాళాలు ఇచ్చేశారు. మధ్యాహ్నం పన్నెండున్నర అయింది. ఎండ 30 డిగ్రీలు ఉంది.

రన్‌వే చివర ఇంజన్ పరీక్ష చేస్తుంటే ఇంజన్ వణికింది. ఇంజన్‌కు నిప్పురవ్వ అందించే రెండు మాగ్నెటోలనూ విడివిడిగా చూస్తే ఒకదాని మీద మరీ ఎక్కువ వణుకు. విమానం పాడైందని నిర్ధారణకు వచ్చి, వెనక్కి తెచ్చి, మెకానిక్‌ను పిలిచి ఆయన మీద కొంచెం విసుక్కున్నాను కూడా. ఆయన తలుపు తెరిచి, వంగి, ఇంజన్‌కు వెళ్లే గాలిలో పెట్రోలు పాలు మార్చే మిక్స్చర్ మీట కొద్దిగా వెనక్కి లాగారు. ఇంజన్ నెయ్యి పోసినట్టు నడిచింది. హూస్టన్ అలవాటులో మీట పూర్తిగా ముందుకు నెట్టి ఉంచాను. గాలి పలచగా ఉన్నచోట అంత పెట్రోలు ఇంజన్‌కు ఎక్కువవుతుంది. ఈ సంగతి పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, ఉమ్మడి చెకౌట్‌లో నోటితో చెప్పాను కూడా. చేతికి మాత్రం తెలియదు. మా నాన్నగారు వెనక సీట్లోంచి, "పోనీలే, కారులో వెళ్దాం" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత బుద్ధి తెచ్చుకుని ఒక స్థానిక ఇన్‌స్ట్రక్టర్‌ను కుదుర్చుకున్నాను. ఆమె మొదట అడిగింది బరువులు. మా బావగారు డెబ్బై రెండు అన్నారు. అది పెళ్లినాటి బరువు. తూకం మీద నిలబెడితే ఎనభై నాలుగు. 172 ఎస్ రకం విమానం గరిష్ఠ బరువు 2,550 పౌండ్లు. 53 గ్యాలన్ల పెట్రోలు నింపితే అదే 318 పౌండ్లు. ఖాళీ విమానం బరువు తీసేస్తే మనుషులకూ సామానుకూ మిగిలేది సుమారు 550 పౌండ్లు, అంటే 250 కిలోలు, విమానాన్ని బట్టి కొంత అటూ ఇటూ. నాలుగు సీట్లు ఉన్నాయి కదా అని నలుగురు ఎక్కడానికి వీల్లేదన్నమాట. ఆ ఎత్తులో, ఆ ఎండలో ఆ 250 కిలోలు కూడా ఎక్కువే అన్నారామె. బావగారు కింద ఉండిపోయారు. విమానం కూడా ఆ రోజు కాదు, మర్నాడు పొద్దున ఏడింటికి ఎగిరింది. వేసవిలో అక్కడ మధ్యాహ్నమయ్యేసరికి పర్వతాల మీద ఉరుములతో మబ్బులు లేస్తాయి, పొద్దున్నే వెళ్లి పదిలోపు దిగిపోవడం అక్కడివాళ్ల పద్ధతి. నిజంగానే ముందురోజు మూడింటికి వడగళ్లు పడ్డాయి.

ఎగిరే ముందు ఆమె కాగితం మీద ఒక లెక్క వేసి చూపించారు. పైలట్ల మోటు లెక్క ఒకటి ఉంది: ఆ ఎత్తులో ఉండాల్సిన ఉష్ణోగ్రత కంటే ప్రతి డిగ్రీ ఎక్కువకూ 120 అడుగులు కలపాలి. అక్కడ ఉండాల్సింది సుమారు 3 డిగ్రీలు, ముందురోజు మధ్యాహ్నం ఉన్నది 30. అంటే విమానం దృష్టిలో అది 5,885 అడుగుల చోటు కాదు, 9,000 అడుగులు దాటిన చోటు. రెక్కలకు గాలి చాలదు, ప్రొపెల్లర్‌కు చాలదు, ఇంజన్‌కూ చాలదు. ల్యాండింగ్ సంగతి ఇంకా వింత. వేగం ముల్లు మామూలుగానే 65 నాట్లు చూపిస్తుంది, కాని పలచటి గాలిలో అసలు వేగం దాదాపు 75. నేల అలవాటుకు మించి జోరుగా ఎదురొస్తుంది. కన్ను "ఎక్కువ వేగం, తగ్గించు" అంటుంది. కన్ను మాట విని ముక్కు పైకెత్తితే స్టాల్ అవుతుంది. ఆమె పక్కన లేకపోతే నేను కన్ను మాటే వినేవాడిని.

ఇదే లెక్క రేణిగుంటకు వేసి చూడండి. అక్కడి ఎత్తు సుమారు 350 అడుగులు. మే నెలలో 42 డిగ్రీల ఎండలో విమానానికి అది 3,600 అడుగుల పైమాటే. మన ఊరి ఎండలో ఎగిరినవారికి డాలస్ కష్టంగా తోచదు. మీకు అక్కడ కష్టమయ్యేది గగనతలం. ఆ నగరం చుట్టూ పెద్ద విమానాల కోసం కేటాయించిన క్లాస్ బి ప్రాంతం ఉంది, అందులోకి కంట్రోలర్ నోటితో అనుమతిచ్చాకే వెళ్లాలి. వేరేచోట్ల కంట్రోల్ టవరే లేని రన్‌వేలు ఎదురవుతాయి, అక్కడ ఎవరి రాకను వారే రేడియోలో ప్రకటించుకోవాలి. టవరు చెప్పినట్టు నడుచుకోవడం అలవాటైన మనవారికి మొదటిరోజు నోరు పెగలదు. ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో పెట్టాల్సిన గాలి పీడనం కూడా మనలా హెక్టోపాస్కల్‌లో కాదు, అంగుళాల్లో చెబుతారు. 1013 అనే చోట 29.92 వినిపిస్తుంది.

ఉమ్మడి చెకౌట్‌ను తీసిపారేయడం లేదు. మీకు విమానం నడపడం వచ్చా అనే ప్రశ్నకు అది జవాబు చెబుతుంది. ఈ ఊళ్లో నడపడం వచ్చా అనేది వేరే ప్రశ్న. రెండింటికీ ఒకే కాగితం చాలని నేను అనుకున్నాను, అదే నా పొరపాటు.

ఇక మీరు చేయాల్సిన పనులు. అన్నింటికంటే ముందు లైసెన్సు. భారతీయ లైసెన్సు మీద నేరుగా అమెరికా విమానం నడపలేరు. దాని ఆధారంగా ఎఫ్ఏఏ ఒక ప్రైవేట్ సర్టిఫికెట్ ఇస్తుంది, నిబంధన సంఖ్య 61.75. మీ లైసెన్సు నిజమైనదేనని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నుంచి వారు ధ్రువీకరణ తెప్పించుకుంటారు. అది అయ్యాక ఎఫ్ఏఏ ఇచ్చే ఉత్తరానికి ఆరు నెలల గడువు ఉంటుంది. కనీసం మూడు నెలల ముందు దరఖాస్తు చేయండి, నవంబరు ప్రయాణానికి ఆగస్టు మొదటివారం కూడా ఆలస్యం కిందే లెక్క. అక్కడ దిగాక స్వయంగా హాజరు కావాలి, ఫ్లైట్ రివ్యూ కూడా ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్ మీ భారతీయ లైసెన్సుకు కట్టిన తోక లాంటిది, ఇక్కడిది చెల్లకపోతే అక్కడిదీ చెల్లదు. ఎగిరేటప్పుడు రెండూ జేబులో ఉండాలి. డబ్బు తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు.

ఫ్లైట్ రివ్యూనే మొదటి ఊరి చెకౌట్‌తో కలిపి చేయించుకోండి. చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు ఒప్పుకుంటారు, ఒక పూట మిగులుతుంది. తర్వాతి ఊళ్ల కోసం ఒక ఫైలు తయారుచేసుకోండి: లైసెన్సులు, మెడికల్, లాగ్‌బుక్ చివరి పేజీలు, ఇన్‌స్ట్రక్టర్ సంతకం పెట్టిన చెకౌట్ పత్రం. ఆ పత్రం కొత్త ఊళ్లో చెల్లకపోవచ్చు గాని, దాన్ని చూసి రెండు గంటల పరీక్షను ముప్పావుగంటకు కుదించిన చోట్లు నాకు తగిలాయి. ఒకే యాజమాన్యం కింద పలు విమానాశ్రయాల్లో విమానాలున్న క్లబ్బులు ఉంటే ఇంకా మేలు, ఒకచోటి చెకౌట్ వారి మిగతా శాఖల్లో పనికొస్తుందేమో ఫోనులోనే అడగండి.

డబ్బు దగ్గర మూడు చిక్కులున్నాయి. అద్దెలో పెట్రోలు కలిసి ఉందా లేదా అన్నది మొదటిది. కలిసి ఉంటే వెట్ అంటారు, లేకపోతే డ్రై. రెండోది గంట లెక్క. హాబ్స్ మీటరు ఇంజన్ తిరిగినంతసేపూ తిరుగుతుంది, ట్యాక్ మీటరు ఇంజన్ వేగాన్ని బట్టి కదులుతుంది. నేల మీద ఆగి ఆగి నడిచేచోట హాబ్స్ లెక్క మీకు నష్టం. మూడోది రాత్రి నిలుపుకుంటే రోజుకిన్ని గంటలని కనీస చార్జీ. వాతావరణం బాగాలేక వేరే ఊళ్లో చిక్కుకుపోయినా అది పడుతుంది. ఆ చార్జీ గుర్తొచ్చి మబ్బుల్లోకి బయలుదేరాలనిపిస్తుంది, ఒకసారి నాకూ అనిపించింది. ఆ డబ్బు పోయిందనే ముందే అనుకుని వెళ్లండి.

బీమా విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. "మా విమానానికి బీమా ఉంది" అని వారు అంటే అది వారికే ఉందని అర్థం. నష్టం జరిగితే బీమా కంపెనీ యజమానికి చెల్లించి, ఆ సొమ్ము కోసం మీ వెంట పడవచ్చు. అద్దెకు తీసుకునే పైలట్ల కోసమే విడిగా పాలసీలు ఉంటాయి. విమానానికి జరిగే నష్టం కూడా అందులో కలిసి ఉందో లేదో చూసుకుని తీసుకోండి.

రేణిగుంట సంగతి. అక్కడ గంటకింత అని అద్దెకిచ్చే చిన్న విమానాలు లేవు. అది ప్రయాణికుల విమానాల కోసం నడిచే చోటు. వాటిలో పోసేది కిరోసిన్ జాతి ఇంధనం, 172కు కావాల్సిన ఏవ్‌గ్యాస్ వేరు. దాన్ని ఇండియన్ ఆయిల్ మన దేశంలో తయారుచేయడం మొదలుపెట్టిందే 2022లో. పైగా మన దగ్గర ఒక ఊరి నుంచి మరో ఊరికి ఎగరాలంటే ఫ్లైట్ ప్లాన్ వేసి, వైమానిక రక్షణ అనుమతి సంఖ్య, విమాన సమాచార కేంద్రం ఇచ్చే ఎఫ్ఐసీ సంఖ్య తెచ్చుకోవాలి. ఆలయం మీదుగా విమానాలు తిరగకూడదని తిరుమల తిరుపతి దేవస్థానం కేంద్రాన్ని ఎన్నోసార్లు కోరింది కూడా. కొండ చుట్టూ ఒక చక్కరు కొట్టి వద్దామనే ఊహ ఉంటే మానుకోండి.

మనకు దగ్గర్లో చిన్న విమానాలు ఎగిరే చోటు ఒకటి బెంగళూరు జక్కూరు, రోడ్డు మీద 250 కిలోమీటర్లు. వెళ్లేముందు మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు అక్కడే చేసుకోండి. చేయి తుప్పుపట్టి డాలస్‌లో దిగితే ఒక గంటలో పోయే చెకౌట్ మూడు గంటలు పడుతుంది, ఆ రెండు గంటల డాలర్లతో జక్కూరుకు నాలుగుసార్లు వెళ్లి రావచ్చు. ఇంకోమాట, అక్కగారినీ బావగారినీ ఎక్కించుకునే ఆలోచన ఉంటే వారి బరువులు ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. బావగారి అంకెకు పది కిలోలు మీరే కలపండి.