అమ్మమ్మ వడియాలు, నీ మొదటి యాప్

అమ్మలూ,

నీ వాతావరణ యాప్‌లో ఏమేం పెట్టాలో మొన్న ఫోన్లో నువ్వు చదివిన లిస్టు ఇంకా చెవుల్లో మోగుతోంది. రియాక్ట్ (పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ), లాగిన్, డార్క్ మోడ్, మ్యాపు, నలభై ఊళ్ల వాతావరణం! మొదటి ప్రాజెక్టుకే ఇంత పెళ్లి హడావుడి ఎందుకే? నేనూ ఒకప్పుడు ఇలాగే మొదలెట్టాను. లాగిన్ పేజీ బ్రహ్మాండంగా కుదిరింది, లోపలికెళ్తే చూడ్డానికి ఏమీ లేదు.

ఒక్క ప్రశ్న పట్టుకో. తెనాలిలో అమ్మమ్మ ఎండాకాలం పొద్దున్నే అడిగేదే: "ఇవాళ డాబా మీద వడియాలు పెట్టొచ్చా?" దానికి జవాబు చెప్పే ఒకే ఒక్క పేజీ చెయ్యి. పేజీ రాతకి హెచ్‌టీఎంఎల్, రూపానికి కొంచెం సీఎస్ఎస్, పని చేయించడానికి మామూలు జావాస్క్రిప్ట్ చాలు. రియాక్ట్ ఎక్కడికీ పోదు.

డేటాకి ఓపెన్-మీటియో అనే వాతావరణ ఏపీఐ (ప్రోగ్రాం అడిగితే డేటా పంపే సర్వీసు) తీసుకో. వ్యాపారానికి కాకపోతే ఉచితం, కీ (అడిగేది మనమేనని చెప్పే రహస్య కోడు) అక్కర్లేదు. రోజుకి 10,000 కాల్స్ (డేటా అడగడాలు) లోపు ఉండాలంటారు, అమ్మమ్మ ఎంత రీఫ్రెష్ కొట్టినా అంత రాదులే. కీ అడిగే ఏపీఐల జోలికి ఇప్పుడే పోకు. ఫ్రంటెండ్ (చూసేవాళ్ల బ్రౌజర్‌లో నడిచే) కోడ్‌లో పెట్టిన కీని ఎవరైనా బ్రౌజర్‌లోనే చూసేయొచ్చు.

కోడ్ మొదలెట్టకముందే ఆ ఏపీఐ అడ్రసుని బ్రౌజర్‌లో కొట్టి, వచ్చిన జేసన్‌ని (డేటా రాసి పంపే ఒక పద్ధతి) కాఫీ తాగుతూ నిదానంగా చదువు. తెనాలి అక్షాంశం 16.24, రేఖాంశం 80.64. ఈ రెండూ తారుమారు చేశావనుకో, ఏ ఎర్రరూ రాదు. నార్వేకి ఉత్తరాన స్వాల్‌బార్డ్ దగ్గరి సముద్రం మీది వాతావరణాన్ని బుద్ధిగా పంపిస్తుంది. గంటగంటకీ వాన పడే అవకాశం అడిగితే 7 రోజులకి 168 అంకెలొస్తాయి. టైములన్నీ ఒక వరస, శాతాలన్నీ ఇంకో వరస. పదో టైముకి పదో శాతం, అంతే వాటి మధ్య చుట్టరికం. ఒక వరసని కదిపి రెండోదాన్ని వదిలేశావా, పేజీ అంతా అబద్ధమే.

టైమ్‌జోన్ చెప్పకపోతే టైములు జీఎంటీలో వస్తాయి, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక. ఇది మర్చిపోయి నేనొకసారి ఆఫీసులో అందరి ముందూ గ్రాఫ్ పెట్టాను. అందులో పొద్దున తొమ్మిదింటికే ఎండ మాడ్చేస్తోంది, మధ్యాహ్నం రెండు దాటేసరికి చల్లబడిపోయింది. టీ తెచ్చిన కుర్రాడు చూసి "ఇది ఏ ఊరు సార్?" అన్నాడు. అప్పటిదాకా మాలో ఒక్కరికీ తట్టలేదు. అడ్రసులో టైమ్‌జోన్‌గా ఆసియా/కోల్‌కతా పెట్టు.

ఇప్పుడు అసలు సంగతి. తొమ్మిది నుంచి నాలుగు దాకా ప్రతి గంటకీ శాతం 20 లోపు ఉంటే "పెట్టొచ్చు" అని రాస్తావు కదా. ఏదో ఒక గంటకి అంకె బదులు నల్ (విలువ లేదని చెప్పే గుర్తు) వచ్చిందనుకో. నల్ 20 కంటే తక్కువా అని జావాస్క్రిప్ట్‌ని అడుగు, అవునంటుంది. అలా పోల్చేటప్పుడు నల్‌ని సున్నాగా లెక్కేస్తుంది. ఇంకోటి, తేదీ సరిపోలక లిస్టు ఖాళీగా మిగిలిందనుకో, "అన్నీ 20 లోపేనా" అని జావాస్క్రిప్ట్‌లోని ఎవ్రీ ఫంక్షన్‌తో అడిగితే దానికీ ట్రూయే, అంటే అవుననే. రెండు చోట్లా జరిగింది ఒకటే, "తెలీదు" కాస్తా "వాన రాదు" అయి కూర్చుంది. అమ్మమ్మ రాత్రే పప్పు నానబోసి, తెల్లారి రుబ్బి, డాబా నిండా పెట్టాక మబ్బు పడితే తిట్లు తినేది నువ్వే. అందుకే నీ పేజీకి మూడు జవాబులుండాలి: పెట్టొచ్చు, వద్దు, ఇవాళ చెప్పలేను. మూడోదే ముందు రాయి.

డేటా తెచ్చిపెట్టే ఫెచ్ ఫంక్షన్ కూడా అమాయకపు బాపతే. అడ్రసులో తప్పుండి సర్వర్ 400 (నువ్వడిగిన తీరు తప్పనే కోడు) పంపినా, జవాబొచ్చిందిగా అని ముందుకి సాగిపోతుంది. నెట్ తెగిపోవడం లాంటివి జరిగితే తప్ప, తప్పుల్ని పట్టుకునే క్యాచ్‌లోకి రాదు. రెస్పాన్స్ ఓకేనా కాదా అన్నది నువ్వే చూసుకోవాలి. ఓపెన్-మీటియో మంచిది, కారణం కూడా రాసి పంపుతుంది, చదువు. తర్వాత బ్రౌజర్‌లోనే ఉండే డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి ఒకసారి ఆఫ్‌లైన్, ఒకసారి స్లో నెట్ పెట్టి చూడు. జవాబొచ్చేదాకా ఆ నాలుగు సెకన్లూ తెల్లటి పేజీ కనిపిస్తే అమ్మమ్మ ఫోన్ పాడైందనుకుంటుంది. "చూస్తున్నా, ఆగు" అని ఓ ముక్క పెట్టు.

రంగులు నీ ఇష్టం. అక్షరాలు మాత్రం కళ్లజోడు లేకపోయినా కనపడాలి.

అయ్యాక గిట్‌హబ్ పేజెస్‌లో (వెబ్ పేజీలు అందరికీ కనపడేలా పెట్టుకునే చోటు) పెట్టి, లింకు ముందు అమ్మమ్మకి పంపు, నాకు తర్వాత. ఆవిడ పక్కన కూర్చో, కానీ ఏమీ చెప్పకు. "ఇదేంటే?" అని ఎక్కడ అడుగుతుందో అక్కడ పేజీ మార్చు. ఒక వారం వాడాక కోడ్ నాకు పంపు, కూర్చుని చూద్దాం. వచ్చేటప్పుడు ఓ డబ్బా వడియాలు కూడా తీసుకురా, మీ అత్తయ్య అడుగుతోంది.

మావయ్య