సూది నంబరు దగ్గరే తేడా వచ్చిందక్కా

అక్కా, మహబూబ్‌నగర్‌లో అమ్మమ్మ పెట్టెలో దొరికిన పాత బ్రిటిష్ పుస్తకం చూసి కార్డిగన్ (ముందు తెరుచుకునే స్వెటర్) అల్లితే, వలలా వదులుగా, ఇద్దరు పట్టేంత వచ్చిందని రాశారు. టెన్షన్ వద్దు, తప్పు మీ చేతిది కాదు. ఆ పుస్తకాల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. 8 అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25. పుస్తకం అడిగింది 10 నంబరు, మీరు కొన్నదేమో 10 మిల్లీమీటర్లది, మూడింతల లావు!

అల్లింది విప్పేయండి, ఊలు మాత్రం పారేయకండి. కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల దారంతో వదులుగా కట్టి తీసి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. పిండకుండా నీడలో ఆరేస్తే వంకర్లు పోతాయి. నల్లగొండ ఎండలో డాబా మీద ఆరేసి నా మెరూన్ ఊలు వెలిసిపోయింది, అందుకే నీడ అని గట్టిగా చెబుతున్నా.

తర్వాత 3.25 సూదితో ఆరంగుళాల నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరాక మధ్యలో 4 అంగుళాలకు ఎన్ని కుట్లో లెక్కపెట్టండి. పుస్తకంలో 28 ఉండి మీకు 26 వస్తే 3 మిల్లీమీటర్ల సూదికి మారండి. ఆ రెండు కుట్ల తేడాకే 36 అంగుళాల ఛాతీ దాదాపు 39 అవుతుంది.

రాత్రి అల్లుతుంటే మనసు కుదుటపడుతోందన్నారు కదా, ఈ ముక్క ఇవాళే మొదలుపెట్టండి. లెక్క కుదరకపోతే ఫోటో పెట్టండి, కలిసి చూద్దాం.