షెడ్డు కట్టే ముందు మంద వెంట నడువు

చిరంజీవి తమ్ముని కొడుకుకు పెద్దనాయన దీవెనలు.

ఉద్యోగం మానేసి నారాయణఖేడ్ వచ్చి గొర్రెలు పెంచుతానన్నావు. మీ నాయన టెన్షన్ పడుతున్నాడు గానీ, నాకు సంతోషంగా ఉంది. మా తాత కాసిన మంద నా దాకా వచ్చింది, నా తర్వాత ఎవరన్న దిగులు ఉండేది. అయితే 200 జీవాలు, లోను మీద షెడ్డు, ఇద్దరు జీతగాళ్ళు అన్న నీ లెక్క నాకు నచ్చలేదు బిడ్డా. కిస్తీ నెలనెలా వస్తుంది. గొర్రె చూడి కట్టిన ఐదు నెలలకు గానీ ఈనదు.

20 గొర్రెలు, ఒక పొట్టేలుతో మొదలుపెట్టు. అంత మందను ఇంటిల్లిపాదీ చూసుకోవచ్చు. పొద్దున నేను మందను తోలుకుపోతే, పాలు తాగే పిల్లలు మీ పెద్దమ్మ దగ్గర గంపల కింద ఉంటాయి. సాయంత్రం తల్లులు రాగానే ఏ పిల్ల ఏ తల్లిదో, ఏది పాలకు ఎగబడలేదో ఆమె ఒక్క చూపులో పట్టేస్తుంది. పాలకు రాని పిల్లకు జబ్బు మొదలైనట్టే. జీతానికి వచ్చినవాడు మంచివాడే కావచ్చు, కానీ ఏడాదికోసారి మారే మనిషికి ఆ గుర్తులు అందవు.

చిటుకు రోగం టీకా తొలకరికి ముందే వేయించు. ఒక ఏడు నేను ‘వానలు పడ్డాక చూద్దాంలే’ అనుకున్నాను. లేత గడ్డి కడుపునిండా మేసిన 11 పిల్లలు మూడు రోజుల్లో పోయాయి. అన్నీ బలిసిన పిల్లలే. ఆ రోగం బాగా మేసినవాటినే ముందు పట్టుకుంటుంది. దొడ్డి ముందు మీ పెద్దమ్మ ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పారుడు రోగం టీకా, కడుపులో పురుగులు పోయే నట్టల మందు కూడా మరవకు. ఈనిన గంటలోపు పిల్లకు ముర్రుపాలు తాగించు. పొట్టేలును రెండేళ్ళకోసారి మార్చు, లేకుంటే తనకు పుట్టిన పిల్లలతోనే జతకడుతుంది, పుట్టేవి బలహీనంగా ఉంటాయి.

తూకం కోసం అందరూ నెల్లూరు పొట్టేళ్ళు తెస్తున్నారు. ఆ జాతి ఎత్తుగా, త్వరగా పెరుగుతుంది, కాదనను. కానీ వాటికి ఉన్ని లేదు. మన దక్కనీ గొర్రె ఉన్నితో చలికి తట్టుకుంటుంది, ఎంత దూరమైనా నడుస్తుంది, రాళ్ళ నేలలో దొరికింది మేస్తుంది. ఉన్నికి ధర లేని మాట నిజమే. అయినా ఏడాదికి రెండుసార్లు కత్తిరించిన ఆ ఉన్నితోనే మన ఇంటి గొంగళ్ళన్నీ నేశారు. సగమన్నా దక్కనీ ఉంచు.

కోతలయ్యాక రాత్రిళ్ళు రైతుల చేలల్లో మంద పెట్టు, ఎరువు పడుతుందని గింజలో పైసలో ఇస్తారు. చేతిలో డబ్బు ఆడకపోతే పొట్టేలు పిల్లలను అమ్ము, ఆడ గొర్రెపిల్లల జోలికి పోకు.

మే నెలలో వచ్చి నెల రోజులు నా వెంట నడువు. నీ పేరు మీద రెండు చూడి గొర్రెలను విడిగా ఉంచాం. మీ పెద్దమ్మ వాటి మెడలకు ఎర్ర దారం కట్టింది.