టెక్ సందేహాలు: మధ్యలో ఆపేసిన రిక్వెస్ట్ ఏమవుతుంది?

ప్రశ్న: హనుమకొండలో బీటెక్ చదువుతున్నాను. ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరలు వెతుక్కునే వెబ్ పేజీ ఒకటి ప్రాజెక్టుగా చేశాను. ‘చపాట’ అనే మిర్చి రకం పేరు కొడితే ఒక్కోసారి దాని ధర కనబడి, అంతలోనే పోయి రకాలన్నీ వచ్చేస్తున్నాయి. ఇంట్లో వైఫైలో బాగానే ఉంటుంది. జనగామ నుంచి రైల్లో వస్తుంటేనే ఈ గోల. తప్పు సర్వర్‌దా, నాదా?

జవాబు: సర్వర్ పాపం ఏమీ చేయలేదు, తప్పు మీ కోడ్‌దే. అక్షరం పడ్డప్పుడల్లా మీ పేజీ ఒక రిక్వెస్ట్ పంపుతోంది: చ, చప, చపా, చపాట. మొదటిదాన్ని చూడండి. ‘మిర్చి’ అనే మాటలోనే ‘చ’ ఉంది! పేరులో ఎక్కడున్నా వెతికే సెర్చ్ అయితే జాబితా మొత్తం మూటగట్టి పంపుతుంది. చివరి రిక్వెస్ట్‌కు వచ్చేది ఒక్క వరుసే. సిగ్నల్ బలహీనంగా ఉంటే చిన్నది ముందు చేరుతుంది, పెద్ద మూట తాపీగా వెనక వచ్చి దాని మీద కూర్చుంటుంది. ముందు అడిగినదానికే ముందు జవాబు రావాలన్న రూలేమీ లేదు.

కొత్తది పంపేముందు పాతదాన్ని రద్దు చేయాలి. పేజీ నుంచి సర్వర్‌కు రిక్వెస్ట్ పంపే జావాస్క్రిప్ట్ సాధనం ఫెచ్. 2015లో క్రోమ్‌లోకి, ఫైర్‌ఫాక్స్‌లోకి అది వచ్చినప్పుడు రద్దు చేసే వీలే లేదు. అంతకుముందు అదే పనికి వాడిన ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్‌లో మాత్రం ఉండేది, అదీ విడ్డూరం! తర్వాత ఫెచ్‌ను మధ్యలో ఆపే అబార్ట్‌కంట్రోలర్ వచ్చింది: ఫైర్‌ఫాక్స్ 57లో 2017లో, క్రోమ్ 66లో 2018లో. కంట్రోలర్ తయారుచేసి, దాని సిగ్నల్‌ను ఫెచ్‌కు ఇవ్వండి. తర్వాతి అక్షరం పడగానే అబార్ట్ పిలవండి. ఒకసారి అబార్ట్ అయిన కంట్రోలర్ మళ్లీ పనికిరాదు, ప్రతిసారీ కొత్తది కావాలి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. రద్దయిన ఫెచ్ ‘అబార్ట్‌ఎర్రర్’ విసురుతుంది. దాన్ని పట్టుకుని ఊరుకోండి, ‘ఏదో తప్పు జరిగింది’ అని చూసేవాళ్లకు టెన్షన్ పెట్టకండి. అక్షరాల మధ్య ఒక 300 మిల్లీసెకన్లు ఆగి పంపితే సగం రిక్వెస్టులు పుట్టనే పుట్టవు.

పరీక్షించడానికి రైలెక్కక్కర్లేదు. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, వేగాన్ని 3జీకి తగ్గించి టైప్ చేయండి. పాత వరుసల పక్కన ‘క్యాన్సిల్డ్’ అని పడుతుంటే పని అయినట్టే.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నాను. పరీక్ష ఫీజు కడుతుంటే చక్రం తిరుగుతూనే ఉంది. భయమేసి బ్రౌజర్‌లో క్రాస్ గుర్తు నొక్కేశాను. పేమెంట్ ఆగినట్టేనా?

జవాబు: కాదు. క్రాస్ నొక్కితే మీ బ్రౌజర్ జవాబు కోసం ఎదురుచూడటం మానేస్తుంది, అంతే. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీ. దాని పాత 1.1 వెర్షన్‌లో అయితే కనెక్షనే తెంచుకుంటుంది. హెచ్‌టీటీపీ 2లో అయితే ‘ఈ ఒక్కటి వద్దు’ అని సర్వర్‌కు చిన్న కబురు పెడుతుంది. కానీ ఆ కబురు చేరేలోపే అక్కడ డబ్బు కోత పూర్తయి ఉండొచ్చు. పోస్టు డబ్బాలో ఉత్తరం వేసేశాక ఇంటికొచ్చి తలుపేసుకుంటే ఉత్తరం వెనక్కి రాదు కదా. పై విద్యార్థికి ఇది సమస్య కాదు, ధర చూడటమే కాబట్టి. మీది డబ్బు వ్యవహారం. బ్యాంకు మెసేజ్, ఖాతా స్టేట్‌మెంట్, ఫీజు పేజీలో ట్రాన్సాక్షన్ స్టేటస్ మూడూ చూసుకున్నాకే మళ్లీ కట్టండి. తొందరపడి నేనొకసారి ఒకే ఫోన్‌కు రెండు రీచార్జులు చేసుకున్నాను.