బ్లాక్‌చెయిన్‌లో ఇంటి నుంచి ఉద్యోగం: ఏది నమ్మాలి, ఏం నేర్చుకోవాలి

ప్రశ్న: మా అమ్మాయి భీమవరంలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. బ్లాక్‌చెయిన్ (క్రిప్టో లావాదేవీలు నమోదయ్యే ఉమ్మడి లెక్కల పుస్తకం) కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తానంటోంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 80 వేలు కడితే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. టెలిగ్రామ్‌లో పరిచయమైన విదేశీ కంపెనీ అయితే, తాము పంపిన ప్రాజెక్టును లాప్‌టాప్‌లో రన్ చేసి చూపిస్తే జీతం యూఎస్‌డీటీలో (డాలరు విలువకు ముడిపెట్టిన క్రిప్టో నాణెం) ఇస్తామంది. ఒప్పుకోవచ్చా?

జవాబు: రెండింటికీ ఒప్పుకోకండి. ముందు ఆ ప్రాజెక్టు సంగతి చూడండి. ఇంటర్వ్యూ పేరుతో కోడ్ పంపి రన్ చేయించడం ఈ రంగంలో బాగా తెలిసిన దాడి. ప్రాజెక్టుకు కావాల్సిన ప్యాకేజీలు దించే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ ఆదేశం కొట్టగానే వెనక ఇంకో స్క్రిప్టు నడిచి, బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులను, క్రిప్టో వాలెట్‌ను తెరిచే రహస్య కీలను పట్టుకుపోతుంది. 2022లో ఒక బ్లాక్‌చెయిన్ నుంచి ఇంకోదానికి క్రిప్టో పంపే రోనిన్ బ్రిడ్జి నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. అది ఉత్తర కొరియా హ్యాకర్ల పనేనని ఎఫ్‌బీఐ ప్రకటించింది. అక్కడా ఒక ఇంజినీరుకు ఎర వేసింది దొంగ ఉద్యోగ ఆఫరుతోనేనని వార్తలొచ్చాయి. అమ్మాయి ఇప్పటికే రన్ చేసి ఉంటే వెంటనే నెట్ ఆపేయండి. వేరే పరికరం నుంచి పాస్‌వర్డులన్నీ మార్చి, డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇక ఆ 80 వేల కోర్సు. ఈ రంగంలో సర్టిఫికెట్ ఎవరూ పెద్దగా అడగరు, రాసిన కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ పేజీ చూస్తారు. బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రాములు రాసే భాష సాలిడిటీని, వాటిని పరీక్షించే సాధనం ఫౌండ్రీని నేర్పే సైఫ్రిన్ అప్‌డ్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ కోర్సు ఉచితమే. జావాస్క్రిప్ట్, గిట్ బాగా వచ్చాక రోజుకు రెండు గంటల చొప్పున ఆరేడు నెలలు కూర్చోవాలి. ఒక టోకెన్ (సొంత క్రిప్టో నాణెం), ఆ తర్వాత డబ్బు జమ చేసి తీసుకునే వాల్ట్ ప్రోగ్రాము రాయమనండి. అసలు డబ్బు లేకుండా ప్రయోగాలు చేసే సెపోలియా టెస్ట్‌నెట్‌లో పెట్టి, లావాదేవీలను, కోడ్‌ను ఎవరైనా చూడగలిగే ఈథర్‌స్కాన్ సైట్‌లో సోర్స్ కోడ్ వెరిఫై చేయాలి. చాలామంది వీడియో చూసి అదే కోడ్ ఎక్కించి అక్కడే ఆగిపోతారు. ఉద్యోగమిచ్చేవాళ్లకు కావాల్సింది కోడ్ సరిగ్గా పనిచేస్తోందో పరీక్షించే టెస్టులు. డబ్బు పంపాక బ్యాలెన్స్ తగ్గిస్తే ఏమవుతుందో, ముందే తగ్గిస్తే ఏమవుతుందో చూపే టెస్టు ఒక్కటి రాసినా ఆమెకు విషయం తెలుసని అర్థమవుతుంది. 2016లో ద డావో అనే క్రిప్టో పెట్టుబడి నిధి నుంచి 36 లక్షల ఈథర్ (ఇథీరియం బ్లాక్‌చెయిన్ నాణెం) పోయింది బ్యాలెన్స్ తగ్గించకముందే డబ్బు పంపడం వల్లే. ఆపైన కోడ్‌లో లోపం పట్టుకునే ఈథర్‌నాట్ పజిళ్లు, కోడ్‌హాక్స్ సైట్‌లో కొత్తవాళ్ల కోసం పెట్టే ఆడిట్ (కోడ్ తప్పులు వెతికే) పోటీలు ప్రయత్నించవచ్చు. పోటీల ఆదాయాన్ని మాత్రం నమ్ముకోవద్దు.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి: ఇంటి నుంచి చేసే పోస్టుల్లో ఎక్కువ భాగం అనుభవం ఉన్నవాళ్లకే. క్యాంపస్‌లో మామూలు బ్యాకెండ్ ఉద్యోగం వస్తే చేరమనండి. రెండేళ్ల తర్వాత ఆ అనుభవమే బ్లాక్‌చెయిన్ ఉద్యోగానికి పనికొస్తుంది.

జీతం యూఎస్‌డీటీలో వద్దనడానికి కారణం ఉంది. చేతికొచ్చిన రోజు విలువ మీద మామూలు ఆదాయపు పన్ను పడుతుంది, అమ్మినప్పుడు లాభం ఉంటే దాని మీద 30 శాతం, పైన సెస్సు. అంతకంటే పెద్ద చిక్కు పీ2పీలో, అంటే నేరుగా ఇంకో వ్యక్తికి, అమ్మడం. కొన్నవాడు పంపిన డబ్బు ఏదో సైబర్ మోసం తాలూకుదైతే పోలీసులు మీ ఖాతానే ఫ్రీజ్ చేయిస్తారు. జీతం డాలర్లలో బ్యాంకుకే రావాలి. నెలనెలా ఇన్‌వాయిస్ పంపి, బ్యాంకు నుంచి విదేశీ చెల్లింపు పత్రం తీసుకుని దాచాలి. కాంట్రాక్టరుగా పనిచేస్తే పీఎఫ్ ఉండదు. విదేశీ కంపెనీ టీడీఎస్ కోయదు కాబట్టి అడ్వాన్స్ టాక్స్ తానే కట్టుకోవాలి. ఏడాది ఆదాయం 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు.

కంపెనీ ఇచ్చే సొంత టోకెన్లను జీతంలో లెక్కేయకండి. వాటిని ఎన్నేళ్లకు అమ్ముకోనిస్తారో, పని ఆపేయాలంటే ఎన్ని రోజుల నోటీసు ఇస్తారో సంతకానికి ముందే కాగితం మీద రాయించుకోండి.