దోర్నాల ఘాట్ కాకుండా శ్రీశైలం కొండెక్కే నడకదారి: వెంకటాపురం మీదుగా

కర్నూలు నుంచి శ్రీశైలం నడిచి పోవాలి, దోర్నాల ఘాట్‌లో బస్సుల పొగ మింగుతూ కాకుండా కాస్త నెమ్మదైన దారి ఉందా, శిఖరం (నంది కొమ్ముల మధ్య నుంచి గుడి గోపురం చూసే చోటు) కూడా చూడాలి అని అడిగారు. ఉంది. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి అడవిలో పడే పాతదారి. నేను రెండుసార్లు నడిచాను, 2019లో శివరాత్రికి, 2023లో ఉగాదికి. (ఆత్మకూరు, శ్రీశైలం 2022లో నంద్యాల జిల్లాలోకి పోయాయి గానీ మా ఇంట్లో ఇంకా కర్నూలు జిల్లా అనే అంటాం.)

ఎప్పుడు పడితే అప్పుడు పోయే దారి కాదిది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం లోపలి దారి. శివరాత్రికి, ఉగాదికి మాత్రమే అటవీశాఖ వాళ్లు వదులుతారు. "మాకు తెలిసినోళ్లున్నారు, ఎప్పుడైనా పంపిస్తాం" అనేవాళ్లు దొరుకుతారు. వాళ్ల మాట వినొద్దు.

పండగలప్పుడే వదిలితే ఇక నెమ్మది ఎక్కడిది అంటారా? అదంతా ఏ రోజు బయల్దేరతామన్న దాంట్లోనే ఉంది. మొదటిసారి శివరాత్రి ఇంకా రెండు రోజులుందనగా బయల్దేరాం. అది నడక కాదు, తిరునాళ్ల. భీముని కొలను మెట్ల మీద ముందువాళ్ల మడమలు చూసుకుంటూ నిలబడ్డాం. రెండోసారి దారి ఏ రోజు తెరుస్తారో ముందే ఆత్మకూరులో కనుక్కుని, తెరిచిన మర్నాడే తెల్లవారుజామున పడ్డాను. నాగలూటి దాటాక అరగంట సేపు నా చెప్పుల చప్పుడు తప్ప ఇంకోటి వినలేదు.

కర్నూలు నుంచి ఆత్మకూరుకు బస్సు, అక్కడి నుంచి వెంకటాపురానికి ఆటో. మొత్తం నడక సుమారు 40 కిలోమీటర్లు, రెండు రోజులు పెట్టుకోండి. ఒక్కరోజులో పోయామని చెప్పుకునే కుర్రాళ్లుంటారు, వాళ్లు మర్నాడు ఎట్లా నడిచారో కూడా అడగండి. నాగలూటి వీరభద్రస్వామి గుడి దాకా పెద్ద కష్టం లేదు. ఆ తర్వాతే పాత మెట్లు. ఇవి రెడ్డిరాజుల కాలపువని మావైపు చెప్పుకుంటారు. శ్రీశైలానికి మెట్లు కట్టించాడని పేరున్న ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దం వాడు. కొన్ని రాళ్లు నడిమధ్యన రోలు గుంటలాగా అరిగిపోయి ఉంటాయి, పాదం సరిగ్గా అందులోనే పడుతుంది. తడిగా ఉంటే మాత్రం ఆ గుంటలో కాలు పెట్టొద్దు, అంచున పెట్టండి.

రాత్రికి పెచ్చెరువులో ఆగండి. చెంచుగూడెం ఉంది, సీజన్లో అన్నదానం పందిళ్లూ ఉంటాయి. నేను ఆగిన పందిట్లో పక్కన రాయచూరు వైపు పెద్దాయన. తెల్లగుడ్డ చింపి రెండు పాదాలకూ చుట్టుకున్నాడు, చెప్పుల్లేవు. మూటలోంచి ఎండు జొన్నరొట్టె తీసి మోకాలి మీద ఫట్‌మని విరిచి, చెనిక్కాయల పొడి చల్లి నాకో సగం ఇచ్చాడు. నా కొత్త బూట్లు చూసి నవ్వి, "నిధానంగా నడువప్పా" అన్నాడు సగం కన్నడం, సగం తెలుగులో. ఈ కన్నడిగులకు భ్రమరాంబ ఆడపడుచు. పుట్టింటివాళ్ల లెక్కన ఉగాదికి సారె తెస్తారు. కొందరు మరగాళ్ల మీద కూడా నడుస్తారు, మామూలు కాళ్లతో నడిచే మనకు అది చూస్తే సిగ్గేస్తుంది.

ఆయన నవ్విందెందుకో మర్నాడు తెలిసింది. మఠంబావి దాటాక భీముని కొలనుకు దిగాలి. ఎక్కడం కంటే ఆ దిగడమే నన్ను చంపింది. కొత్త బూట్లు కొలతకు సరిగ్గా ఉండటంతో ప్రతి మెట్టుకూ బొటనవేళ్లు ముందుకు గుద్దుకున్నాయి. ఒక గోరు నల్లబడి నెలకు ఊడిపోయింది. పాత చెప్పులో, ఒక సైజు పెద్ద బూట్లో వేసుకోండి, పోయే ముందు గోళ్లు కత్తిరించుకోండి.

కొలను దగ్గర ఓ అరగంట కూర్చోకుండా పైకి లేవొద్దు. అక్కడి నుంచి కైలాసద్వారం దాకా నిట్టనిలువు మెట్లు. దారి పొడుగునా "చేదుకో మల్లన్నా" అని అరుస్తుంటారు కదా, అంతకుముందు అదో నినాదం అనుకునేవాణ్ణి. ఆ మెట్ల మీద గసపెడుతూ వంగినప్పుడు అర్థమైంది, బావిలోంచి బొక్కెన చేదినట్టు నన్ను పైకి లాగవయ్యా అని బతిమాలడం అది. ఎండెక్కకముందే, తొమ్మిదిలోపు ఈ ఎక్కుడు అయిపోయేట్టు చూసుకోండి. ఉగాది ఎండకైతే మరీను. పందిళ్లలో నీళ్లిస్తారులే అనుకోక మనిషికి రెండు లీటర్లు మోయండి. బొరుగులు, బెల్లం, ఒక దుప్పటి, టార్చి చాలు.

ఇక మీరడిగిన శిఖరం. ఈ దారిలో శిఖరం తగలదు, చాలామందికి పైకి వచ్చాకే ఇది తెలుస్తుంది. కైలాసద్వారం నుంచి హటకేశ్వరం చేరాక గుడి ఒకవైపు, శిఖరం దోర్నాల వైపు, అంటే వెనక్కి. గుడి నుంచి లెక్కేస్తే శిఖరం 8 కిలోమీటర్లు. ఎత్తు సుమారు 2,800 అడుగులు. నా మాటకు ముందు శిఖరానికే పోండి, కావాలంటే ఆటోలో. తర్వాత సాక్షి గణపతి దగ్గర హాజరు వేయించుకుని గుడికి దిగొచ్చు. మొదటిసారి దర్శనం అయ్యాక పోదాంలే అనుకున్నాం, కాళ్లు ఒప్పుకోలేదు. రెండోసారి నువ్వులు పోసి నంది కొమ్ముల మధ్య నుంచి చూశాను. గోపురం కనబడిందా అంటే, లేదు. వెనకున్నాయన "అయిందా, అయిందా" అని భుజం తడుతుంటే ఏం కనబడుతుంది!

తిరుగు ప్రయాణం బస్సే. దోర్నాల, ఆత్మకూరు మధ్య అడవిలో రాత్రిపూట బండ్లు వదలరు కాబట్టి మధ్యాహ్నం లోపలే ఎక్కేయండి. కిటికీ పక్క సీటు దొరక్కపోయినా ఫర్వాలేదు, ఎట్లాగూ నిద్రపోతారు.