కొట్టేసిన వాక్యం

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ నోటుబుక్కు అందింది. క్లాసులో జరిగిన అయిదు చర్చల మీద నువ్వు రాసుకున్నవన్నీ రెండుసార్లు చదివాను. రిజర్వేషన్ల మీద చర్చ నడుస్తున్నంతసేపూ నీ పక్కనున్న అమ్మాయి గోటితో బల్ల గీకుతూ కూర్చుందని రాశావే, అది బాగుంది.

ఈ ఉత్తరం మాత్రం తొమ్మిదో పేజీ కోసం. ‘వలస వరమా, శాపమా’ అన్న చర్చ. అక్కడ ఒక వాక్యం రాసి, దాని మీద రెండు గీతలు గీసి కొట్టేశావు. కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చదివాను. ‘సూరత్ నుంచి వచ్చిన నాన్న పదిరోజుల దాకా అరిచినట్టే మాట్లాడతాడు.’ దాని కింద కొట్టేయకుండా ఉంచింది ఇదీ: ‘వలస వల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి, కాబట్టి ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి.’

నాకు కోపం వచ్చింది తల్లీ. ఉంచాల్సింది కొట్టేసి, కొట్టేయాల్సింది ఉంచావు.

సూరత్ మరమగ్గాల మధ్య పన్నెండు గంటల షిఫ్టు చేసే మనిషి పక్కవాడికి వినపడాలంటే అరవాలి. ఆ గొంతు ఇంటికొచ్చాక కూడా దిగదు. గంజాం జిల్లాలో అలాంటి గొంతున్న ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీ క్లాసులో చాలామందికి తెలిసే ఉంటుంది. అయినా ఆ రోజు ఇంటికి పంపే డబ్బును ‘రెమిటెన్సులు’ అన్నారు, ‘స్కిల్ డెవలప్‌మెంట్’ అన్నారు. గుడ్డ మీటరుకు కూలి ఎంత ముడుతుందో ఒక్కరూ చెప్పలేదు. కూలీలు ఉండే మెస్‌లో పగటి షిఫ్టువాడు లేచిన పరుపు మీదే రాత్రి షిఫ్టువాడు వచ్చి పడుకుంటాడని చెప్పలేదు. ఎవరో ‘సూరత్ వెళ్లినవాళ్లంతా బాగుపడ్డారు’ అంటే నువ్వు తల దించుకున్నావు.

ఆ తల దించుకోవడం నాకూ తెలుసు. 1975లో ఒరిస్సా ప్రభుత్వం అడ్వాన్సు తీసుకుని వలసపోయే దాదన్ కూలీల కోసం చట్టం చేసినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. మాకూ చర్చ పెట్టారు. చట్టంలో ఏముందో బట్టీ పట్టి మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాను. మా చిన్నాన్న అప్పటికే కూలీలను కుదిర్చే ఖాతాదారు దగ్గర అడ్వాన్సు తీసుకుని కశ్మీరులో రోడ్డు పనికి వెళ్లి ఏడాది దాటింది. ఆయన మాట ఎత్తలేదు. ఎత్తితే ఇంటి పరువు పోతుందనుకున్నాను. ఆయన తిరిగొచ్చినప్పుడు చేతిలో డబ్బు లేదు, ఒక దళసరి రగ్గు ఉంది. ఈ ఎండల్లో దాన్నెవరు కప్పుకుంటారు? నాయనమ్మ తీసుకెళ్లి దూడ కింద పరిచింది. 1979లో కేంద్రం అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చింది. ఊరు విడిచి వచ్చినందుకు నెల కూలిలో సగానికి తగ్గకుండా భత్యం ఇవ్వాలని అందులో ఉండేది. దాని మీద వ్యాసాలు రాశాను. ఆ రగ్గు గురించి రాయడానికి మాత్రం నాకు నలభై ఏళ్లు దాటాల్సి వచ్చింది.

ఈ మధ్య పత్రికల్లో వ్యాసమంటే మొదట సమస్య, తర్వాత అటు వాదన, ఇటు వాదన, చివర పరిష్కారం. ఆ మూసలో పోస్తే మీ నాన్నా, మా చిన్నాన్నా ఇద్దరూ మాయమైపోతారు.

ఒడియాలో రాయాలా, తెలుగులో రాయాలా అని అడిగావు. మీ అమ్మ నిన్ను ఏ మాటల్లో తిడుతుందో ఆ మాటల్లో రాయి. నా మొదటి కథలో తల్లి ‘గుంటా, అంబలి తాగీసి బడికెల్లు’ అంటుంది. ఒక వారపత్రిక ఎడిటరు దాన్ని ‘అబ్బాయీ, అంబలి తాగి బడికి వెళ్ళు’ అని దిద్ది వేశారు. పైగా సరిహద్దు తెలుగు పాఠకులకు ఎక్కదని కార్డు రాశారు. అచ్చయిన కథను మా అమ్మకు చదివి వినిపించాను. ఆ మాట దగ్గర ఆపి, ‘ఈవిడెవుర్రా?’ అంది. ఇన్నేళ్లయినా ఆ ఎడిటరును నేను క్షమించలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. సవర గిరిజనుల పక్కన కూర్చుని వాళ్ల మాట నేర్చుకుని నిఘంటువు చేసిన మనిషి ఆయన. జనం మాట్లాడే తెలుగు రాతకు పనికొస్తుందని పండితులతో ఏళ్లకేళ్లు పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన కొట్లాడి తెచ్చిన హక్కును మనం ఇవాళ మన చేత్తో మనమే కొట్టేసుకుంటుంటే నాకు కడుపు మండుతుంది. నన్ను ఎడిటరు కొట్టేశాడు. నిన్ను నువ్వే కొట్టేసుకున్నావు.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం.

ఠాకురాణి అమ్మవారి యాత్రకు నాన్న వస్తాడన్నావు కదా. వచ్చాక పక్కన కూర్చుని అడుగు. మీటరుకు ఎంత, ఒక్కడే ఎన్ని మగ్గాలు చూస్తాడు, కరెంటు పోయిన రోజు కూలి ఏమవుతుంది, మెస్‌కు ఎంత పోతుంది, 2020 మేలో లాక్‌డౌన్‌లో ఇంటికి ఎలా చేరాడు, బడిలో క్వారంటైన్‌లో ఉన్నన్నాళ్లూ మీరు గేటు దగ్గరికి వెళ్లి ఏం మాట్లాడుకున్నారు. ఆయన అరిచినట్టే చెప్తాడు. అలాగే రాసుకో. రాసింది మళ్లీ కొట్టేయాలనిపిస్తే కొట్టెయ్యి గానీ పేజీ చింపకు. ఉన్నదున్నట్టు నాకు పంపు.

నీ మేలు కోరే
మాస్టారు